ఎడమ పక్క వంత లేకపోతే కథ ఏమవుతుంది? వార్సా జాజ్ నుంచి ఉధ్నా మగ్గాల దాకా

ఉధ్నాలో మరమగ్గాల ఖాతాలోకి అడుగుపెడితే పక్కనున్న మనిషి మాట వినిపించదు. వరసగా బిగించిన మగ్గాలు ఒక్కసారి నడవడం మొదలయ్యాక కార్మికులు మాటలు మానేసి చేతి సైగల్లోకి దిగుతారు. దారం తెగిందనో, బాబిన్ అయిపోయిందనో, టీ వచ్చిందనో చెప్పడానికి సైగ చాలు. జోకు చెప్పడానికి మాత్రం చాలదు. దానికి పన్నెండు గంటల షిఫ్టు ముగిసేదాకా ఆగాలి.

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న ఈ పారిశ్రామిక ప్రాంతం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఉధ్నా, లింబాయత్ చుట్టుపక్కల బస్తీల్లో కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. సొంత ఊళ్లో చేనేతకు కాలం చెల్లుతున్నప్పుడు కొందరు షోలాపూర్ వెళ్లారు, కొందరు భివండీ వెళ్లారు, కొందరు సూరత్ చేరారు. చేతికి వచ్చిన పని నేత. మారింది మగ్గమూ, ఊరూ, యజమానీ.

వాళ్లతో పాటు బతుకమ్మ వచ్చింది, మార్కండేయ జయంతి వచ్చింది. రాత్రంతా కూర్చోబెట్టి కథ చెప్పే సంప్రదాయం మాత్రం అంత తేలిగ్గా రైలెక్కలేదు. పువ్వులు ఎక్కడైనా దొరుకుతాయి. పండగ తేదీ క్యాలెండర్‌లో ఉంటుంది. కథ చెప్పాలంటే చెప్పేవాడు కావాలి, ఊ కొట్టేవాడు కావాలి, మధ్యలో నవ్వించేవాడు కూడా కావాలి.

ఈ మూడో మనిషి గురించే ఈ కథనం. పాత కళను బతికించాలనే మాట వచ్చినప్పుడల్లా గ్రాంటులు, పింఛన్లు, పురస్కారాలు, శిక్షణ శిబిరాల గురించి మాట్లాడుకుంటాం. కానీ అణిగిపోయిన కళలు మళ్లీ లేచి నిలబడిన సందర్భాలను గమనిస్తే చాలాచోట్ల ముందుండి నడిపించింది నవ్వు. దీనికి తెలుగులో బుర్రకథ దగ్గరి ఉదాహరణ. దూరపు ఉదాహరణ కావాలంటే పోలండ్ దాకా వెళ్లాలి.

బుర్రకథకు ముగ్గురెందుకు?

బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. వంతల చేతుల్లో గుమ్మెటలు, అంటే మూతికి తోలు బిగించిన కుండ లాంటి వాయిద్యాలు. తంబుర కింది భాగం బుర్రలా ఉంటుంది కాబట్టి బుర్రకథ అనే పేరు వచ్చిందంటారు. దీనికే జంగం కథ, తంబుర కథ, తందాన కథ అనే పేర్లూ ఉన్నాయి. తెలంగాణలో శారదకాండ్రు చెప్పే శారద కథ దీనికి దగ్గరి చుట్టం.

ముగ్గురికీ పని విభజన స్పష్టంగా ఉంటుంది. కథను నడిపేది కథకుడు. కుడి పక్క వంతది లోకజ్ఞానం. రాజకీయాలు, సమకాలీన విషయాలు అతని వాటా. ఎడమ పక్క వంతది హాస్యం. కథ ఎంత విషాదంలో ఉన్నా, ఎంత వీరరసంలో ఉన్నా మధ్యలో అడ్డం పడి ఒక ప్రశ్న అడిగే హక్కు అతనికి ఉంది.

ఈ హక్కు తెలుగు ప్రదర్శన కళలకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదకు దూకుతారు. వాళ్లకు వాల్మీకితో పని లేదు, ఆ ఊరి కరణంతో, ఆ రోజు సంతలో ధరలతో పని. ఒగ్గుకథలోనూ ప్రధాన కథకుడి మాటను ఎత్తుకుని తిప్పి పలికి నవ్వించే సహాయకుడు ఉంటాడు. పురాణం ఎప్పుడో జరిగింది, వినేవాడు ఇప్పుడున్నాడు. ఆ రెంటి మధ్య నడిచే మనిషి హాస్యగాడు.

వినోదంతో పాటు ఇందులో శరీరానికి సంబంధించిన ఒక అవసరం కూడా ఉంది. గంటల తరబడి గొంతెత్తి పాడుతూ, అడుగులేస్తూ, తంబుర మీటుతూ ఉండే కథకుడికి ఊపిరి తీసుకునే సమయం కావాలి. వంత జోకు వేసే ఆ ఒకటి రెండు నిమిషాలే అతని విశ్రాంతి. వినేవాళ్లకూ అంతే. గంటసేపు ఏడిపించిన కథ ఇంకో గంట ఏడిపించాలంటే మధ్యలో ఒకసారి నవ్వించక తప్పదు.

1942లో ఏం మారింది?

20వ శతాబ్దం మొదటి సగానికి జంగం కథ వెనకబడిపోయిన కళ. అదొక కులవృత్తి, బిచ్చమెత్తి బతికేవాళ్ల పాట అనే చిన్నచూపు ఉండేది. పద్య నాటకాల వెలుగు ముందు, కొత్తగా వచ్చిన టాకీల ముందు అది ఆనలేదు.

అలాంటి కళను ఆధునిక రూపంలో నిలబెట్టింది కమ్యూనిస్టు ఉద్యమం. గుంటూరు జిల్లాలో 1942లో ఆధునిక బుర్రకథ మొదలైందని చరిత్రకారులు చెబుతారు. మరుసటి ఏడాది, 1943లో బొంబాయిలో ఇప్టా ఏర్పడింది. దానికి తెలుగునాట రూపమైన ప్రజానాట్యమండలి, డాక్టర్ గరికపాటి రాజారావు వంటి వారి చొరవతో అదే కాలంలో పని మొదలుపెట్టింది. నాటకానికి రంగస్థలం, తెరలు, దీపాలు, పాత్రధారులు కావాలి. బుర్రకథకు ముగ్గురు మనుషులు, ఒక అరుగు చాలు. ఎడ్లబండి వెళ్లే ఊరికల్లా దళం వెళ్లగలదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు పర్యాయపదమయ్యారు. ఆయన సంగీతం నేర్చుకున్నవారు, నాటకాల్లో వేషాలు కట్టినవారు. ఆ రెంటినీ బుర్రకథలోకి తెచ్చారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో పాటు బెంగాల్ కరువును కూడా కథగా చెప్పారు. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి కథ బుర్రకథను వెండితెర ప్రేక్షకుడి దాకా తీసుకెళ్లింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశారు. తన జీవితకథకు ఆయన ఉంచిన పేరు ‘పింజారి’. నలుగురూ చిన్నచూపుగా వాడే మాటనే పుస్తకం అట్ట మీద అచ్చేయించుకోవడంలో కూడా ఒక వంత చమత్కారం ఉంది.

అప్పటిదాకా ఆడవాళ్లు గడప దాటి వేదిక ఎక్కడమే తప్పనుకునే రోజుల్లో మోటూరి ఉదయం వంటి మహిళలు దళం కట్టి తంబుర పట్టారు. మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించే దాకా వెళ్లాయి. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు ఇద్దరు పాలకులను భయపెట్టాయన్నమాట.

ఇక్కడ రెండు పక్కల వంతలూ ఏం చేశారో చూడాలి. కథకుడు చెప్పేది బొబ్బిలి కోట గురించి. కుడి వంత అందులోంచి వర్తమాన రాజకీయం తీస్తాడు. ఎడమ వంత దాన్ని నవ్వుగా మార్చి జనం నోట్లో పెడతాడు. ఉపన్యాసం విన్నవాడు ఇంటికెళ్లి దాన్ని తిరిగి అప్పజెప్పలేడు. జోకు విన్నవాడు మర్నాడు పొలం గట్టు మీద పదిమందికి చెబుతాడు.

పోలండ్‌లో జరిగింది కూడా ఇలాంటిదే

సంప్రదాయ జాజ్ అమెరికాలోని న్యూ ఆర్లిన్స్‌లో నల్లజాతి సంగీతకారుల చేతుల్లో రూపు దిద్దుకున్న వీధి సంగీతం. ట్రంపెట్, క్లారినెట్, ట్రోంబోన్ ఒకేసారి మూడు దారుల్లో నడుస్తూ ఒకదాన్నొకటి ఆటపట్టించుకుంటాయి. పెళ్లికీ, పండక్కీ, చావుకీ అదే బ్యాండు. 1930ల్లో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల స్వింగ్ సంగీతం రాగానే ఇది పాతబడింది.

దాన్ని తిరిగి వెతికి పట్టుకున్న కాలం కూడా విచిత్రంగా మన బుర్రకథ కాలమే. లూసియానాలో ఒక చిన్న ఊళ్లో పళ్లూడిపోయి, ట్రంపెట్ ఊదలేక కూలీనాలీ చేసుకుంటున్న బంక్ జాన్సన్ అనే పాత కళాకారుణ్ణి అభిమానులు వెతికి పట్టుకున్నారు. ఆయనకు కట్టుడు పళ్లు పెట్టించారు. 1942లో ఆయన తొలి రికార్డులు వచ్చాయి. అంటే ఒకే ఏడాది గుంటూరు జిల్లాలో తంబుర, అమెరికాలో ట్రంపెట్ మళ్లీ మోగాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్ సోవియట్ ప్రభావంలోకి వెళ్లింది. 1940ల చివర నుంచి స్టాలిన్ మరణం దాకా అక్కడ జాజ్ అంటే శత్రుదేశపు చెడ్డ అలవాటు. బహిరంగంగా వాయించే వీల్లేక కళాకారులు ఇళ్లలో తలుపులు వేసుకుని వాయించారు. ఆ రోజులను పోలండ్ జాజ్ చరిత్ర ‘నేలమాళిగల కాలం’ అని గుర్తుపెట్టుకుంది. 1956 ఆగస్టులో సోపోట్ అనే సముద్రతీర పట్టణంలో రచయిత లియొపోల్డ్ టిర్మాండ్ ముందుండి నడిపిన జాజ్ ఉత్సవానికి వేలాది మంది యువత తరలివచ్చారు. ఆ తర్వాత జాజ్‌ను మళ్లీ మాళిగలోకి పంపడం ఎవరి వల్లా కాలేదు.

స్వేచ్ఛ దొరికాక మరో సమస్య వచ్చింది. 1960ల నాటికి పోలండ్ ఆధునిక జాజ్ ప్రపంచ ప్రసిద్ధి పొందింది, చాలా గంభీరమైన కచేరీ కళ కూడా అయింది. శ్రోతలు కళ్లు మూసుకుని వినాల్సిన సంగీతమది. మరి పాత వీధి జాజ్ సంగతేమిటి?

దానికి వార్సా విద్యార్థి లోకం నుంచి ఒక జవాబు వచ్చింది. 1965లో అక్కడ సంప్రదాయ జాజ్ కోసం ఒక ఉత్సవం మొదలుపెట్టి దానికి ‘జ్వోతా తార్కా’ అని పేరు పెట్టారు. దాని అర్థం ‘బంగారు ఉతుకు పలక’. న్యూ ఆర్లిన్స్ పేద వాద్యకారులు డ్రమ్ము కొనలేక బట్టలుతికే గరుకు రేకు పలకను వేళ్లతో గీకి తాళం వేసేవారు. ఆ పేదరికపు వాయిద్యానికి బంగారు పూత పూసి బహుమతిగా ఇవ్వడంలో హాస్యమూ ఉంది, గౌరవమూ ఉంది.

ఆ దశాబ్దంలోనే వార్సాలో పుట్టిన హాగావ్ బృందం ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. ఇరవైల నాటి పాత బాణీలు, వేదిక మీద చిన్న చిన్న ప్రహసనాలు, కొంటె పాటలు వాళ్ల సరుకు. వాళ్లతో పాడిన ఆంద్జెయ్ రోసియేవిచ్ తర్వాతి కాలంలో పోలండ్ అంతటా వ్యంగ్య గాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. వాళ్లను చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామందికి న్యూ ఆర్లిన్స్ ఎక్కడుందో తెలియాల్సిన అవసరం లేదు. నవ్వడానికి వస్తే చాలు, పాట దానంతట అదే చెవిలో పడుతుంది.

వాయించడంలో పట్టు లేకుండా ఇది సాధ్యం కాదు. తాళం తప్పినట్టు నటించాలంటే ముందు తాళం బాగా తెలిసి ఉండాలి. ఎడమ పక్క వంతకూ ఇదే నియమం. గుమ్మెట మీద చెయ్యి తిరగనివాడు వంత కాలేడు, ఎంత నవ్వించగలిగినా సరే.

నవ్వు చేసే పని ఏమిటి?

రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి.

మొదటిది, నవ్వు పాత కళలోకి ఈ రోజును రానిస్తుంది. పల్నాటి యుద్ధం కథ మారదు. మార్చకూడదు కూడా. కానీ వంత జోకు రోజూ మారుతుంది. మారకపోతే నవ్వు రాదు. కథలోని ప్రధాన భాగం కదలకుండా ఉండటానికి, కదిలే భాగం ఒకటి పక్కన ఉండాలి.

రెండోది, నవ్వు తెలియనివాణ్ణి లోపలికి పిలుస్తుంది. సంప్రదాయం పేరు చెబితే చాలామందికి పరీక్ష హాలు గుర్తొస్తుంది. రాగం తెలియదు, పురాణం తెలియదు, తప్పు చోట చప్పట్లు కొడతామేమోనన్న భయం. జోకుకు ఆ భయం ఉండదు.

మూడోది, పెద్దవాళ్ల ముందు నేరుగా అనలేని మాట నవ్వులో కలిపితే అనొచ్చు. అది మద్రాసు ప్రభుత్వమైనా, వార్సా ప్రభుత్వమైనా జోకును అరెస్టు చేయడం కష్టం. చేస్తే తానే ఇంకో జోకవుతుంది.

నవ్వు కథనే మింగేస్తే?

దీనికి రెండో వైపు కూడా ఉంది. స్వాతంత్ర్యం తర్వాత బుర్రకథ ప్రభుత్వ ప్రచార సాధనంగా మారింది. 1954లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సాంగ్ అండ్ డ్రామా డివిజన్ నుంచి రాష్ట్ర శాఖల దాకా అన్నీ దాన్ని వాడుకున్నాయి. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఎయిడ్స్ అవగాహన, చిన్న మొత్తాల పొదుపు, ఏదైనా సరే ముగ్గురిని పిలిచి అరగంటలో చెప్పించేవారు. కళాకారులకు నాలుగు డబ్బులు దొరికాయి, అది నిజం. కానీ కుడి పక్క వంతకు మాట్లాడే రాజకీయం లేకుండా పోయింది. ప్రభుత్వం డబ్బిచ్చి చెప్పించే కథలో ప్రభుత్వాన్ని ప్రశ్నించే మనిషికి చోటుండదు. మిగిలిన హాస్యం కూడా ముందే రాసిచ్చిన హాస్యమయింది.

సినిమా ఇంకో దారి పట్టింది. తెర మీద బుర్రకథ చాలాసార్లు హీరో మారువేషంలో విలన్ ఇంట్లోకి దూరే సన్నివేశంగానో, కామెడీ ట్రాక్‌గానో మిగిలింది. 2019లో ‘బుర్రకథ’ పేరుతో ఒక సినిమా వస్తే, అది రెండు మెదళ్లున్న మనిషి కథ. తంబురతో దానికి సంబంధం లేదు. ఆ పేరు వింటే కళ కన్నా ముందు తలకాయ గుర్తొచ్చే తరం వచ్చిందని అర్థం.

అంటే నవ్వు రెండు రకాలుగా పనిచేస్తుంది. కళ లోపలి నుంచి వచ్చే నవ్వు దాన్ని బతికిస్తుంది. కళను చూసి నవ్వే నవ్వు దాన్ని చంపుతుంది. హాగావ్ జాజ్‌ను వెక్కిరించలేదు, జాజ్ వాయిస్తూ నవ్వించింది. కథకుడు గంభీరంగా ఉన్నంతసేపే వంత జోకు పేలుతుంది. ఇద్దరూ జోకులే వేస్తే అది కథ కాదు, మిమిక్రీ.

నేతవాళ్ల సొంత కథ ఎక్కడుంది?

ఉధ్నా నేతకారులకు ఈ చర్చ ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే వాళ్ల సొంత కథా సంప్రదాయం గురించి తెలియాలి.

తెలంగాణలో చాలా కులాలకు తమ కులపురాణం చెప్పే ఆశ్రిత కళాకారులున్నారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టీలు, పద్మశాలీలకు కూనపులివారు. పద్మశాలీల మీద ఆధారపడిన సాధనాశూరులు గారడీలు, సాహస విన్యాసాలు చేస్తారు. కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. మార్కండేయుడి యజ్ఞంలో పుట్టిన భావనారుషి విష్ణువు నాభి కమలం నుంచి నూలు తెచ్చి దేవతలకు బట్టలు నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. కాల్వాసురుడనే రాక్షసుణ్ణి గెలుస్తాడు. పులి ఆయన వాహనం. మొదటి నేతగాడి కథ ఇది.

ఈ కథను పటం కట్టి చెబుతారు. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద అరలు అరలుగా బొమ్మలు వేస్తారు. పటం పదుల అడుగుల పొడవు ఉంటుంది. కథ నడిచేకొద్దీ చుట్ట విప్పుతూ, కర్రతో బొమ్మ చూపిస్తూ పాడతారు. ఆ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు చేర్యాల బొమ్మలు డ్రాయింగ్ రూముల్లో, తాళంచెవుల గుత్తుల మీద, మాస్కుల రూపంలో కనిపిస్తాయి. పొడవాటి పటం చేయించుకునే కథకులు తగ్గిపోయారు. బొమ్మ అమ్ముడవుతోంది, దాన్ని చూపించి చెప్పే నోరు తగ్గిపోతోంది.

దీనికి కారణం కళలో లేదు, పోషణ వ్యవస్థలో ఉంది. ఆశ్రిత కళాకారులకు ఫలానా ఊళ్ల మీద ఫలానా కుటుంబానికి హక్కు అనే మిరాశీ లెక్క ఉంటుంది. పంటో, పెళ్లో అయ్యాక వచ్చి కథ చెబితే ఊళ్లోని పోషక కులం త్యాగం ఇచ్చి పంపాలి. హక్కు ఊరితో ముడిపడింది. మరి ఆ ఊరి నేతకారుడు రైలెక్కి గుజరాత్ వెళ్లిపోతే? ఇంటికి తాళం, మగ్గం గుంత పూడిపోయింది. కథకుడి చేతిలో మిరాశీ ఉంది, దాన్ని చెల్లించే మనిషి ఉధ్నాలో మీటరుకు ఇన్ని పైసల చొప్పున పాలిస్టర్ నేస్తున్నాడు.

ఉధ్నాలో వంత ఏం మాట్లాడాలి?

ఇక్కడే ఎడమ పక్క వంత మళ్లీ కావాలి. సూరత్‌లో పెరిగిన మూడో తరం పిల్లలకు భావనారుషి కథను యథాతథంగా, రాత్రంతా వినిపిస్తే ఎంతమంది కూర్చుంటారు? వాళ్ల చుట్టూ ఉన్న మాటలు ఖాతా, కారీగర్, సేఠ్, పగార్, తాకా. ఇంట్లో అమ్మా అమ్మమ్మా చీరలకు టిక్కీలు అతికిస్తూ, దారపు పోగులు కత్తిరిస్తూ ఉంటారు. ఆ ప్రపంచానికీ విష్ణువు నాభి కమలానికీ మధ్య వంతెన ఎవరు వేయాలి?

ఒక్క ఉదాహరణ ఊహించుకోండి. కథకుడు గంభీరంగా, భావనారుషి కమలం నుంచి నూలు తీసి దేవతలందరికీ బట్టలు నేశాడని చెబుతాడు. ఎడమ వంత గుమ్మెట ఆపి అడుగుతాడు:

‘‘గట్లనా అన్నా, మరి మీటరుకు ఎన్ని పైసలిచ్చిండ్రు?’’

‘‘ఛీ, దేవతలతోని బేరమాడుతరారా?’’

‘‘బేరం కాదన్నా, పగార్ ఎన్నో తారీఖుకిచ్చిండ్రని అడుగుతున్న. అడ్వాన్స్ కట్ చేసుకున్నంక ఏమన్న మిగిలిందా లేదా?’’

ఆ మాటకు ఖాతాలో పనిచేసి వచ్చిన ప్రతి మనిషీ నవ్వుతాడు. ఆ నవ్వులో కుడి వంత చేయాల్సిన పని కూడా సగం అయిపోతుంది. పురాణంలోని నేతగాడు దేవతలకు బట్టలిచ్చినవాడు. ఈ నేతగాడికి సెలవు రోజు కూడా లేదు. ఈ రెండు మాటలనూ ఒకే వాక్యంలో పెట్టడం ఉపన్యాసకుడికి చేతకాదు. వంతకు చేతనవుతుంది.

ఇలాంటి జోకు హైదరాబాద్‌లో రాసి పంపితే పండదు. మగ్గం ఎప్పుడు ఆగిపోతుందో, కరెంటు కోత రోజు కూలీ ఎవరు భరిస్తారో, పక్క గల్లీలో ఒడియా కార్మికుడు ఏమంటాడో తెలిసినవాడే దాన్ని వేయగలడు. కథ బయటి నుంచి రావొచ్చు. వంత మాత్రం ఆ బస్తీలోనే పుట్టాలి.

కొత్త తరం ఈ పని చేయలేదని కాదు. హైదరాబాద్‌లో పుట్టిన చౌరస్తా బ్యాండ్ ‘ఊరెళ్ళిపోతా మామా’ పాటతో వలస వచ్చినవాడి బాధను గిటార్ మీద సరదాగా మొదలుపెట్టి గుండెలో దించింది. ఆ పాట పాడిన రామ్ మిరియాల తర్వాత 2022లో ‘డీజే టిల్లు’ పాటతో తెలుగు రాష్ట్రాలను ఊపేశారు. జానపదపు యాస, కొంటెతనం కలిస్తే యువత వింటుందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. అయితే అది పాట, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. గంటల కథను నిలబెట్టడం వేరే పని.

అసలు పరీక్ష భాషది

సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. రాష్ట్రం బయట ఒక మున్సిపాలిటీ తెలుగులో చదువు చెప్పడం చిన్న విషయం కాదు. కానీ తల్లిదండ్రుల లెక్కలు వేరు. గుజరాత్‌లో ఉద్యోగానికి గుజరాతీ, బయట ఎక్కడికెళ్లినా ఇంగ్లిష్ కావాలి. తెలుగు చదివితే ఏమొస్తుందనే ప్రశ్నకు బడి దగ్గర జవాబు లేదు.

భాష ఒక తరం నుంచి మరో తరానికి ఎంత చేరిందో తెలుసుకోవడానికి చిన్న కొలత ఒకటుంది. అన్నం పెట్టమని, నీళ్లు తెమ్మని అడిగే తెలుగు చివరిదాకా మిగులుతుంది. దండం పెట్టి చదివే శ్లోకం అర్థం తెలియకపోయినా మిగులుతుంది. ముందుగా పోయేది జోకు. మాటలో మెలిక, యాసలో విరుపు, చెప్పకుండా వదిలేసిన సగం, ఇవన్నీ తెలిస్తే తప్ప నవ్వు రాదు. తాత జోకుకు మనవడు నవ్వాడంటే ఆ ఇంట్లో తెలుగు బతికే ఉంది. ఎందుకు నవ్వాలో విడమరిచి చెప్పాల్సి వచ్చిందంటే పోవడం మొదలైంది.

అందుకే పాత కథను ఉధ్నా లాంటి చోటికి తీసుకెళ్లాలనుకునే సంఘాలు, అకాడమీలు ఖర్చు ఎక్కడ పెట్టాలో మరోసారి ఆలోచించాలి. పండక్కి ఒక దళాన్ని రైల్లో రప్పించి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపేస్తే మర్నాడు మిగిలేది ఫొటో. వచ్చిన కథకుడి పక్కన బస్తీ కుర్రాళ్లను ఇద్దర్ని నిలబెట్టి, గుమ్మెట చేతికిచ్చి, మధ్యలో అడ్డం పడే హక్కు ఇస్తే మిగిలేది వేరు. మొదట వాళ్లు హిందీలో జోకు వేస్తారు, తర్వాత సగం గుజరాతీలో వేస్తారు. కథకుడు తెలుగులో జవాబు చెబుతాడు. వార్సా కుర్రాళ్లు కూడా ఎక్కడో పుట్టిన సంగీతాన్ని తమ యాసలో వాయించే దాన్ని తమది చేసుకున్నారు.

మగ్గాల చప్పుడులో ఎవరి మాటా వినిపించదు కాబట్టి ఇదంతా షిఫ్టు అయ్యాకే జరగాలి. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషిని మళ్లీ ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టగలిగేది ఏమిటో గుంటూరు జిల్లా దళాలకు 1942లోనే తెలుసు. అతన్ని ముందు నవ్వించాలి. కథ ఆ తర్వాత చెప్పొచ్చు.